గుండెకు ఏ ఊరు, క్యాన్సర్‌కు ఏ ఊరు: సీమ నుంచి వైద్యానికి బయలుదేరే ముందు

"పెద్ద సెంటర్‌కు తీసుకుపోండి" అని డాక్టరు చీటీ రాసిచ్చాడంటే ఇంట్లో చర్చ మొదలైనట్టే. మేనమామ బెంగళూరు అంటాడు. పక్కింటివాళ్లు వేలూరు అంటారు. ఆర్‌ఎంపీ తనకు తెలిసిన ఒక ప్రైవేటు ఆసుపత్రి పేరు చెప్తాడు. కర్నూలు పెద్దాసుపత్రిలో అన్నీ ఉచితమే కదా అని ఇంకొకరు. బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉండేవాళ్లు ఏ ఆసుపత్రికి పోవాలి అని ఆలోచిస్తే సరిపోతుంది. అనంతపురం, కర్నూలు, కడప వాళ్లం ముందు ఏ ఊరికి పోవాలో తేల్చుకోవాలి. అదీ మనిషి మంచంమీద ఉండగా, చేతిలో డబ్బు ఎంతుందో తెలియకుండా.

ఆ గందరగోళంలో అందరూ అడిగేది "ఏది మంచి ఆసుపత్రి?" అని. నేనైతే దాన్ని మూడో ప్రశ్నగా పెట్టమంటాను. మొదటి ప్రశ్న: ఈ జబ్బు ఎంతసేపు ఆగుతుంది? రెండోది: ఈ వైద్యానికి ఎన్నిసార్లు తిరగాలి? ఈ రెండింటికీ జవాబు దొరికితే ఊరు చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

ముందు మన మూడు ఊర్ల పరిస్థితి చూద్దాం. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని. 1956లో రాజధాని హైదరాబాద్ పోయింది. అదే ఏడు కర్నూలుకు మెడికల్ కాలేజీ వచ్చింది. తిరుపతిలో ఎస్వీ మెడికల్ కాలేజీ 1960లో వచ్చింది. విస్తీర్ణంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోకెల్లా పెద్ద జిల్లా అయిన అనంతపురానికి 2000 దాకా ప్రభుత్వ మెడికల్ కాలేజీ లేదు. కర్నూలుకూ అనంతపురానికీ మధ్య 44 ఏళ్ల తేడా. కడప రిమ్స్ 2006లో వచ్చింది. మెడికల్ కాలేజీ ఉంటే ప్రొఫెసర్లుంటారు, రాత్రి రెండింటికి కూడా వార్డులో పీజీ డాక్టరు ఉంటాడు, రక్తనిధి ఉంటుంది, ఒక్కో విభాగం ఏళ్ల తరబడి పాతుకుంటుంది. కర్నూలు పెద్దాసుపత్రికి ఇటు అనంతపురం నుంచి, అటు గద్వాల, రాయచూరు నుంచి కూడా జనం వచ్చేది అందుకే. బెడ్డు దొరకడం కష్టమయ్యేది కూడా అందుకే.

2014లో రాష్ట్రం విడిపోయాక నిమ్స్, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, నిలోఫర్ అన్నీ పక్క రాష్ట్రానివయ్యాయి. మనకు వచ్చిన ఎయిమ్స్ మంగళగిరిలో ఉంది. అనంతపురం నుంచి మంగళగిరికి పోయే దూరంలో దాదాపు సగం దూరమే బెంగళూరు. ఇంత పెద్ద సీమకు ఇదేం పంపకం అని కోపం వస్తుంది, రావాల్సిందే. కానీ రోగిని పక్కన పెట్టుకుని ఆ కోపంతో నిర్ణయం తీసుకోలేం. ఉన్నవాటిలో ఏది ఎప్పుడు పనికొస్తుందో చూసుకోవాలి.

గంటల్లో తేలిపోయే జబ్బులు

గుండెపోటు, పక్షవాతం, పాముకాటు, రోడ్డు ప్రమాదం, కాన్పులో రక్తస్రావం. వీటికి ఊరి ఎంపిక లేదు, దగ్గరున్నదే మంచి ఆసుపత్రి. ఈ ఒక్క మాట ఇంటిల్లిపాదికీ ముందే చెప్పి పెట్టండి. ఎందుకంటే మన దగ్గర ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది. గుండెపోటు వచ్చిన మనిషిని అనంతపురంలో ఈసీజీ కూడా తీయించకుండా కారులో పడుకోబెట్టి బెంగళూరుకు బయలుదేరుతారు. అది 200 కిలోమీటర్ల పైన ప్రయాణం. నాలుగు గంటలు అనుకోండి, ట్రాఫిక్‌లో ఇంకో గంట. గుండె కండరం అంతసేపు ఆగదు.

గుండె రక్తనాళం మూసుకుపోయినప్పుడు రెండు దారులు. ఒకటి, వెంటనే యాంజియోప్లాస్టీ, అంటే మూసుకున్న నాళాన్ని లోపలినుంచి బెలూన్‌తో తెరవడం. రెండోది, గడ్డను కరిగించే ఇంజెక్షన్. మొదటిది దానికోసం ప్రత్యేకంగా ఉండే గది, క్యాథ్‌ల్యాబ్, ఉన్నచోటే అవుతుంది. రెండోది ఏరియా ఆసుపత్రిలో కూడా చేయొచ్చు. నొప్పి మొదలైన మొదటి గంటల్లో ఎంత తొందరగా పడితే అంత మేలు, 12 గంటలు దాటితే దాదాపు పనికిరాదు. ఈ ఖరీదైన ఇంజెక్షన్‌ను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేసే కార్యక్రమం రాష్ట్రంలో 2023లో మొదలైంది. అక్కడ తీసిన ఈసీజీని పెద్దాసుపత్రి గుండె డాక్టరు ఫోన్లోనే చూసి చెప్పే ఏర్పాటు అది. గుంతకల్లు, ఆదోని, ప్రొద్దుటూరు లాంటి ఊర్లవాళ్లు తమ ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ సౌకర్యం నడుస్తోందా, రాత్రిపూట కూడా ఉంటుందా అని ఇప్పుడే, అందరూ బాగున్నప్పుడే, వెళ్లి అడిగి ఉంచుకోండి. ఇంజెక్షన్ పడ్డాక మనిషి నిలకడగా ఉంటే అప్పుడు కర్నూలా, తిరుపతా, బెంగళూరా అని మాట్లాడుకోవచ్చు.

పక్షవాతానికి గడువు ఇంకా తక్కువ. మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం. ఇవి మొదలైన నాలుగున్నర గంటల్లోపు గడ్డ కరిగించే మందు పడాలి. అంతకుముందు తలకు సీటీ స్కాన్ తీసి, అది రక్తస్రావం కాదని తేల్చుకోవాలి. కాబట్టి ఇక్కడ వెతకాల్సింది సీటీ స్కాన్ ఉన్న దగ్గరి ఆసుపత్రిని. మూడు జిల్లా కేంద్రాల పెద్దాసుపత్రుల్లోనూ సీటీ ఉంది. నాటు వైద్యానికో, "రేపు పొద్దున చూద్దాం" అనే మాటకో ఆ గంటలు పోగొట్టుకోకండి.

పాముకాటు విషయం కొంచెం వివరంగా చెప్పాలి. శెనక్కాయ చేలల్లో పనిచేసేవాళ్లు మనవాళ్లే. పాము విషానికి విరుగుడు మందు పీహెచ్‌సీ, సీహెచ్‌సీల్లో ఉండాలి, ఉంటుంది కూడా. మొదటి మోతాదు అక్కడే వేయించాలి. నాగుపాము, కట్లపాము కాటుకు ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది, వెంటిలేటర్ కావాలి. రక్తపింజరి కాటుకు రక్తం గడ్డకట్టదు, కిడ్నీలు దెబ్బతింటాయి, డయాలసిస్ అవసరం పడొచ్చు. అందుకే దగ్గర్లో మొదటి మోతాదు, వెనువెంటనే 108లో పెద్దాసుపత్రి. కాటు దగ్గర కోయడం, గట్టిగా తాడు కట్టడం, పామును పట్టి తేవడం, ఇవేవీ వద్దు. దీనికోసం బెంగళూరు ప్రైవేటు ఆసుపత్రికి పోవాల్సిన అవసరం చాలా అరుదు. పాముకాటు కేసులు ఎక్కువగా చూసి చేయి తిరిగిన డాక్టర్లు మన ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే ఉంటారు.

హైవే ప్రమాదంలో తలకు దెబ్బ తగిలితే మాత్రం ఒక ప్రశ్న అడగండి: ఇక్కడ న్యూరోసర్జన్ ఇప్పుడు ఉన్నాడా? 44వ నంబరు హైవే మీద గుత్తి దగ్గర ప్రమాదం జరిగితే కర్నూలుకూ పోవచ్చు, అనంతపురానికీ పోవచ్చు. 108 సిబ్బంది ఏది దగ్గరైతే అక్కడికి తీసుకుపోతారు. అక్కడినుంచి పంపిస్తామంటే, పోబోయే చోట బెడ్డు, వెంటిలేటర్ ఉన్నాయని ఇక్కడి డాక్టరు అక్కడి డాక్టరుతో ఫోన్లో మాట్లాడాకే అంబులెన్సు కదలనివ్వండి. ఈ ఫోన్ చేయమని అడిగే హక్కు మీకుంది. మొహమాటపడకండి.

కాన్పు సంగతి. బీపీ, తక్కువ రక్తం, కవలలు, ముందు సిజేరియన్, ఇలాంటివి ఉన్న గర్భిణిని కోసిగి, హొళగుంద, కౌతాళం వైపు నుంచి నొప్పులు మొదలయ్యాక ఆదోని, అక్కడి నుంచి కర్నూలు అని తిప్పడం చాలా ప్రమాదం. ఆదోని నుంచి కర్నూలే 100 కిలోమీటర్ల దాకా ఉంటుంది. తొమ్మిదో నెల రాగానే కర్నూలులోనో, పెద్దాసుపత్రికి దగ్గర్లోని బంధువుల ఇంట్లోనో ఉంచడమే అసలైన ఏర్పాటు. నెలలు నిండకుండా పుట్టే బిడ్డకు నవజాత శిశువుల ఐసీయూ ఉన్నచోట కాన్పు కావాలి. పుట్టాక బిడ్డను తీసుకుని పరుగెత్తడం కంటే, కడుపులో ఉండగా తల్లిని తరలించడం ఎప్పుడూ మేలు.

ఒక్కసారి పోయి చేయించుకునేవి

గుండెలో రంధ్రం, వాల్వు మార్పు, బైపాస్, మోకీలు మార్పిడి, మెదడు కణితి. వీటికి సాధారణంగా రోజులో వారాలో వ్యవధి ఉంటుంది. ఇక్కడ దూరం పోవడం సబబే. ఏడాదికి ఇలాంటి ఆపరేషన్లు వందల్లో చేసే చోటికి పోవడమే మంచిది.

డబ్బు లేనివాళ్లు, మధ్యతరగతివాళ్లు కూడా, ముందు చూడాల్సింది పుట్టపర్తి దగ్గర ప్రశాంతిగ్రామంలోని సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి. 1991 నవంబరులో మొదలైంది. అక్కడ బిల్లు కౌంటరే లేదు, ఆపరేషన్ కూడా ఉచితం. అనంతపురం నుంచి 80 కిలోమీటర్ల చుట్టూ. గుండె, కిడ్నీ-మూత్రనాళం, కన్ను లాంటి ఎంచుకున్న విభాగాలకే అది. రోజుకు ఇంతమందినే చూస్తారు, తేదీ కోసం ఆగాలి. తొందరలేని ఆపరేషన్‌కు అది గొప్ప వరం. అన్ని జబ్బులూ అక్కడ చూడరు. అందుకే పాత రిపోర్టులు తీసుకుని ముందు ఒకరు వెళ్లి, ఈ జబ్బుకు ఇక్కడ చేస్తారా అని అడిగి రావాలి. రోగిని తీసుకుపోవడం తర్వాత.

కడప వాళ్లకు తిరుపతి సహజమైన ఎంపిక. దూరం 140 కిలోమీటర్ల దాకా, రైలు ఉంది, భాష మనది, రాష్ట్రం మనది కాబట్టి ఆరోగ్యశ్రీ కార్డు చెల్లుతుంది. స్విమ్స్‌లో గుండె, కిడ్నీ, మెదడు విభాగాలు ఒకేచోట ఉన్నాయి. పేదరోగులకు టీటీడీ ప్రాణదాన ట్రస్టు సాయం ఉంది. ఎముకలు, పోలియో, వంకర కాళ్లకు బర్డ్ ఆసుపత్రి. చిన్నపిల్లల గుండె ఆపరేషన్లకు 2021లో మొదలైన పద్మావతి హృదయాలయం. పసిబిడ్డ గుండెలో రంధ్రం ఉందన్న మాట వినగానే చెన్నై, బెంగళూరు ప్రైవేటు ఆసుపత్రుల ఎస్టిమేట్లు తెచ్చుకుని భూమి అమ్మకానికి పెట్టే తల్లిదండ్రులు ముందు తిరుపతి, పుట్టపర్తి రెండూ చూడాలని నా గట్టి విన్నపం.

కర్నూలు పెద్దాసుపత్రిలో గుండె ఆపరేషన్ల విభాగం ఉంది. నరాలు, మెదడు ఆపరేషన్లలో పాత అనుభవం ఉంది. అనంతపురంలో కేంద్రం సాయంతో సూపర్ స్పెషాలిటీ బ్లాకు కట్టారు. కానీ భవనం వేరు, అందులో డాక్టరు రోజూ కూర్చోవడం వేరు. స్పెషలిస్టు పోస్టు ఖాళీ అయితే మళ్లీ నిండేదాకా ఆ విభాగం పేరుకే మిగులుతుంది. కాబట్టి "ఆ డిపార్టుమెంటు ఉందా?" అని కాకుండా, "ఈ ఆపరేషన్ ఈ నెలలో ఇక్కడ ఎన్ని చేశారు? ఏ రోజుల్లో చేస్తారు?" అని అడగండి. ఓపీలో నర్సమ్మను అడిగినా నిజం తెలుస్తుంది.

వేలూరు సీఎంసీ గురించి ఒక మాట. ఏం జబ్బో తేలక మూడు నాలుగు ఆసుపత్రులు తిరిగినవాళ్లకు అది మంచి చోటు. అన్ని విభాగాల డాక్టర్లూ కలిసి చూస్తారు. కానీ దేశం మొత్తం అక్కడికే వస్తుంది. అపాయింట్‌మెంట్ లేకుండా పోతే లాడ్జి అద్దె కట్టుకుంటూ రోజులు గడపాలి. ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి.

పదే పదే తిరగాల్సినవి

మన దగ్గర కుటుంబాలు ఎక్కువగా చితికిపోయేది ఈ జబ్బులతోనే. అందుకే దీనిమీద ఎక్కువ ఆలోచించాలి.

డయాలసిస్ వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు, బతికినన్నాళ్లూ. బెంగళూరులో ఎంత పేరున్న ఆసుపత్రి అయినా డయాలసిస్‌కు అది తప్పు ఎంపిక. డయాలసిస్ సూది గుచ్చడానికి చేతిలో రక్తనాళాలు కలిపే ఫిస్టులా ఆపరేషన్ పెద్దచోట చేయించుకుని, డయాలసిస్ మాత్రం ఇంటికి దగ్గర్లోని ప్రభుత్వ కేంద్రంలో పెట్టుకోండి. అక్కడ ఖాళీ లేదంటే పేరు రాయించి వారంవారం అడుగుతూనే ఉండండి. డయాలసిస్ రోగికి రాష్ట్ర ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పెన్షన్ ఇస్తుంది. దానికి దరఖాస్తు ఎలా చేయాలో ఊరి సచివాలయంలో అడగండి, ఆసుపత్రివాళ్లు చెప్పకపోవచ్చు.

క్యాన్సర్‌కు ఒకే ఊరు అని ఎవరైనా అంటే నమ్మకండి. దాన్ని ముక్కలు చేసి చూడాలి. ఏ క్యాన్సర్, ఏ దశ, ఏం వైద్యం అనే నిర్ణయం పెద్ద క్యాన్సర్ కేంద్రంలోనే జరగాలి. బెంగళూరు కిద్వాయ్ కావచ్చు, తిరుపతి అలిపిరి దగ్గర టాటా ట్రస్టు సాయంతో కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి కావచ్చు, హైదరాబాద్ కావచ్చు. ఆపరేషన్ ఉంటే అది కూడా అక్కడే. కీమో చాలావాటికి మూడు వారాలకు ఒకసారి, ఒకటి రెండు రోజుల పని. ఏ మందు, ఎంత మోతాదు అని పెద్ద డాక్టరు రాసిచ్చాక చాలాసార్లు కర్నూలులోనో కడపలోనో ఎక్కించుకోవచ్చు. ఇలా కుదురుతుందా అని ఆ డాక్టరునే నేరుగా అడగండి. చాలామంది అడగరు, అందుకే ఆయన చెప్పరు.

రేడియేషన్ అసలు చిక్కు. వారానికి ఐదు రోజులు చొప్పున ఐదారు వారాలు, కొన్నింటికి ఏడు. కరెంటు పెట్టేది రోజుకు పది పదిహేను నిమిషాలే, దానికోసం నెలన్నర ఆ ఊర్లో ఉండాలి. రోగితో పాటు ఇంకొకరు. ఇద్దరి కూలీ పోతుంది, లాడ్జి, తిండి, ఆటో. ఉచిత వైద్యమే అయినా ఇంటి ఖర్చు ఇక్కడే మీదపడుతుంది. మధ్యలో "ఇంక చాలు, ఇంటికి పోదాం" అని రేడియేషన్ ఆపేసి వచ్చేవాళ్లు ఎందరో. అర్ధంతరంగా ఆపిన రేడియేషన్ చాలా నష్టం చేస్తుంది. కాబట్టి మిషను ఎంత కొత్తది అనేదానికంటే, నెలన్నర పాటు మీరు ఆగకుండా పోగలిగిన ఊరు ఏది అనేదే ముఖ్యం. చెల్లెలి ఇల్లు తిరుపతిలో ఉంటే తిరుపతి. ఆసుపత్రి పక్కన తక్కువ అద్దె సత్రం ఉంటే ఆ ఊరు. కర్నూలులో మెడికల్ కాలేజీ దగ్గర కట్టిన రాష్ట్ర క్యాన్సర్ సంస్థలో మీ జబ్బుకు రేడియేషన్ దొరుకుతుందేమో ముందుగా కనుక్కోండి. దొరికితే కర్నూలు, నంద్యాల వాళ్లు బెంగళూరు పోవాల్సిన పని లేదు.

మానసిక జబ్బులకు మొదటిసారి నిర్ధారణకు బెంగళూరు నిమ్హాన్స్ పోతే పోండి. నెలనెలా మందులు మాత్రం జిల్లా ఆసుపత్రి మానసిక వైద్యుడి దగ్గరే. నంబరు 14416కు ఫోన్ చేస్తే, మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలిమానస్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు. టీబీ, హెచ్‌ఐవీ మందులకు ఎక్కడికీ పోవద్దు, ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. అనంతపురం చుట్టుపక్కల వాళ్లకు బత్తలపల్లి ఆర్‌డీటీ ఆసుపత్రి కూడా ఉంది. విసెంటె ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన సంస్థది. కాన్పులకు, పిల్లల వైద్యానికి పల్లెల్లో దానిమీద ఉన్న నమ్మకం ఊరికే వచ్చింది కాదు.

జిల్లా పేరు కాదు, మీ మూల చూసుకోండి

ఒకే జిల్లాలో కూడా దారులు వేరు. హిందూపురం వాళ్లకు బెంగళూరు 100 కిలోమీటర్ల మాటే, మడకశిర వాళ్లకు కొంచెం ఎక్కువ. వాళ్లకు అనంతపురం కూడా దాదాపు అంతే దూరం. రాయదుర్గం, గుంతకల్లు, ఆలూరు వాళ్లకు విమ్స్ అని జనం పిలిచే బళ్లారి మెడికల్ కాలేజీ ఆసుపత్రి గంట, గంటన్నర. మంత్రాలయం వైపు వాళ్లకు రాయచూరు. బద్వేలు వాళ్లు నెల్లూరు చూసుకుంటారు. రాజంపేట వాళ్లకు తిరుపతి. అత్యవసరానికి రాష్ట్రం సరిహద్దు చూడకండి, దగ్గరిది చూడండి. అత్యవసరం కానప్పుడు మాత్రం సరిహద్దు చాలా ఖరీదు. కర్ణాటక ప్రభుత్వ ఆసుపత్రుల్లో అక్కడి రేషన్ కార్డు ఉన్నవాళ్లకు వచ్చే పథకం మనకు రాదు. సాధారణ రేటు కట్టాలి.

కార్డు సంగతి

ఆరోగ్యశ్రీ అని మనం ఇప్పటికీ పిలుచుకునేది 2007 ఏప్రిల్‌లో మొదలైంది. మొదటి మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ. 2019లో బెంగళూరు, హైదరాబాద్, చెన్నైలలోని కొన్ని ఆసుపత్రుల్లో కొన్ని చికిత్సలకు కూడా దీన్ని విస్తరించారు. ఇక్కడ "కొన్ని" అన్న మాటను తేలిగ్గా తీసుకుని దెబ్బతిన్నవాళ్లు చాలామంది. "మీ దగ్గర కార్డు చెల్లుతుందా?" అని అడిగితే ఏ ప్రైవేటు ఆసుపత్రి అయినా చెల్లుతుందనే అంటుంది. చేరాక, ఈ ఆపరేషన్‌కు రాదు, ఆ స్టెంటుకు రాదు, స్కానింగ్‌కు రాదు అని ఒక్కొక్కటిగా బయటికొస్తుంది. అడగాల్సింది ఇలా: "ఈ ఆపరేషన్‌కు, ఈ ఆసుపత్రిలో, ఈరోజు అనుమతి వస్తుందా? పైన మేం కట్టాల్సింది ఏమైనా ఉందా?" దీన్ని రిసెప్షన్‌లో కాదు, ఈ పథకం పని చూసేందుకు ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్ర దగ్గర అడగాలి. బయలుదేరే ముందు 104కు ఫోన్ చేసి కూడా కనుక్కోవచ్చు. పథకం పేరూ నిబంధనలూ మారుతుంటాయి, కాబట్టి పోయినేడు ఎవరికో జరిగిందని నమ్ముకుని పోకండి. ఇంట్లో 70 ఏళ్లు దాటినవాళ్లుంటే ఆయుష్మాన్ కార్డు విడిగా చేయించండి. ఆదాయంతో పని లేకుండా వాళ్లకు ఏటా 5 లక్షల దాకా ఉంది.

పథకంలోకి రానిదాన్ని ముఖ్యమంత్రి సహాయనిధికి రాసుకోవచ్చు. ఆపరేషన్‌కు ముందే ఎల్‌ఓసీ, అంటే ఖర్చు ప్రభుత్వం కడుతుందనే హామీ లేఖ, తెచ్చుకుంటే ఆసుపత్రికే డబ్బు పోతుంది. తర్వాత బిల్లులు పెట్టుకుంటే వచ్చేదాకా ఎదురుచూడాలి. ఎస్టిమేట్ తీసుకుని ఎమ్మెల్యే ఆఫీసుకు ముందే వెళ్లండి.

బయలుదేరేటప్పుడు

స్కానింగ్ రిపోర్టు కాగితం చాలదు, ఫిల్ములు, సీడీ కూడా పట్టుకుపోండి. లేదంటే అక్కడ మళ్లీ తీస్తారు, మళ్లీ డబ్బు. బయాప్సీ (ముక్క పరీక్ష) చేయించి ఉంటే ఆ ముక్కను భద్రపరిచిన స్లైడు, బ్లాకు ల్యాబ్ నుంచి అడిగి తీసుకోండి. అవి మీవే. ఆధార్, రేషన్ కార్డు రోగివీ, తోడు వచ్చేవాళ్లవీ. ఇప్పుడు వాడుతున్న మందుల పట్టీలు అలాగే సంచిలో వేసుకుంటే పేర్లు గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు.

తిరిగి వచ్చేటప్పుడు డిశ్చార్జి సమ్మరీలో "తర్వాత ఎప్పుడు, ఏ పరీక్షతో రావాలి, ఏ లక్షణం కనిపిస్తే దగ్గర్లోని డాక్టరు ఏం చేయాలి" అని రాయించుకోండి. దాన్ని జిరాక్స్ తీసి మీ పీహెచ్‌సీ డాక్టరుకో, కర్నూలులోనో కడపలోనో మీరు చూపించుకునే డాక్టరుకో ఇవ్వండి. చాలా చెకప్‌లకు మళ్లీ బెంగళూరు బస్సు ఎక్కనక్కర్లేదు. రక్తపరీక్ష ఇక్కడ చేయించి, ఆ పెద్ద డాక్టరు ఫోన్లో చూస్తానంటే ఫోన్లో చూపించొచ్చు. ఊర్లో విలేజ్ క్లినిక్ నుంచి ఈ-సంజీవనిలో స్పెషలిస్టుతో మాట్లాడించే వీలు కూడా ఉంది, ఏఎన్‌ఎమ్మును అడగండి.